ఇల్లాలి గుండె మాట



స్టీలుప్లాంటులో ఆయనకి ఏ షిఫ్టు అంటే ఇల్లాలికి నాలుగింటికే తెల్లారుతుంది. క్యారేజీ, పిల్లల టిఫిన్లు, నీళ్ళు పట్టుకోవడం అయ్యేసరికి తొమ్మిది. అప్పుడు మిగిలిన అన్నంలో ఇంత ఆవకాయ కలుపుకుని నిలబడే తినేస్తాం. అందరి ఒంటి సంగతీ చూస్తాం గాని, మన గుండె సంగతి అడిగేదెవరు?

ముందు ఉప్పు మాట చెప్పనివ్వండి. మనిషికి రోజుకి 5 గ్రాములు, అంటే ఒక చిన్న చెంచాడు, మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. "కూరలో తక్కువే వేస్తామండీ" అంటారు మీరు. నిజమే. మరి ఆవకాయలోది? అప్పడాల్లోది? ఊరమిరపకాయల్లోది? ఇక మన విశాఖ ఎండుచేపల సంగతి సరేసరి, ఉప్పులో ఊరి ఎండినవే కదా! మానమనడం లేదు, నేనూ మానలేదు. ఎండుచేప వండిన రోజున ఆవకాయ జాడీ దించకండి, అంతే. కవళ్ళు, కానాగంతలు పచ్చివి దొరికితే పులుసు పెట్టండి. వాటి కొవ్వు గుండెకి మంచిది. వేపుడు చేస్తే మూకుట్లో మిగిలిన నూనె మళ్ళీ మళ్ళీ కాచకండి.

ఉప్పు ఎక్కువైతే ఒంట్లో నీరు నిలిచి రక్తపుపోటు పెరుగుతుంది. పోటు నొప్పి పెట్టదు, అదే దాని మాయ. చూపించుకుంటేగాని తెలియదు. 140/90 దాటి ఉంటోందని డాక్టరుగారు మాత్ర రాసిస్తే, "బాగానే ఉన్నాగా" అని మీ అంతట మీరు ఆపేయకండి.

ఇంటిచాకిరీ ఉండగా నడకెందుకంటారా? చాకిరీ అంత చురుగ్గా సాగదు. గుండెకి చురుకైన నడక అరగంట కావాలి, వారానికి అయిదు రోజులు. మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి, అదీ వేగం. రామకృష్ణా బీచి దగ్గర లేకపోతే మేడమీదైనా సరే.

మన ఉత్తరాంధ్ర తీరంలో నిప్పువైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే పెద్దమ్మలున్నారు. నోటి కాన్సరు మాట విన్నారు గాని, ఆ పొగాకు గుండె రక్తనాళాలకీ చేటేనని వాళ్ళకి చెప్పండి. ఇంట్లో మగవారి సిగరెట్టు పొగ మనం పీల్చినా చేటే.

మా పక్కవాటా ఆవిడకి పోయిన ఏడు దవడ లాగింది. పంటినొప్పని లవంగం పెట్టుకుంది. చెమటలు పడితే గ్యాసని వాము నమిలింది. "వంటయ్యాక చూద్దాం" అంది. గుండెపోటు ఆడవాళ్ళకి ఛాతీ నొప్పితోనే రానక్కర్లేదు. వీపు, దవడ, ఆయాసం, వికారం, వింత నీరసం, ఇలాగా రావచ్చు. రక్తనాళంలో గడ్డ అడ్డుపడితే గుండె కండరం నిమిష నిమిషానికీ దెబ్బతింటుంది. కూతురు ఊరుకోక 108కి ఫోను చేసింది, సమయానికి ఆసుపత్రికి చేరింది. ఆ నెంబరు ఇప్పుడు మా ఇద్దరి వంటిళ్ళ గోడలమీదా ఉంది. సాయంత్రాలు నాతోనే నడుస్తోంది. కబుర్లు మాత్రం ఏమీ తగ్గలేదు.