ఇంజను మారితే బ్రేకు ఎందుకు బిగుసుకుంటుంది?

షెడ్డులోంచి బండి బయటికొచ్చిన రోజు అందరి చెవులూ ఇంజను మీదే ఉంటాయి. పెట్రోలు తాగి తాగి యజమానిని అప్పుల పాలు చేసిన పాత పికప్పు ఇప్పుడు డీజిలు గొంతుతో గుడగుడలాడుతూ ఉంటే సంబరంగానే ఉంటుంది. మొదటి మలుపు దగ్గర డ్రైవరు మాట మాత్రం వేరుగా ఉంటుంది: "బ్రేకు రాయి మాదిరి ఉండాదన్నా!"

మెకానిక్ చేసే మొదటి పని బ్లీడింగ్, అంటే పైపుల్లో పట్టిన గాలి తీయడం. ఇక్కడే దారి తప్పుతుంది. గాలి పడితే పెడల్ స్పంజిలా మెత్తగా దిగుతుంది, రాయిలా బిగుసుకోదు. బిగుసుకుందంటే లోపం నూనెలో కాదు, బూస్టర్‌లో.

బూస్టర్ అంటే పెడల్‌కీ మాస్టర్ సిలిండర్‌కీ మధ్య ఉండే రేకు డబ్బా. మధ్యలో రబ్బరు పొర. ఒకవైపు గాలి లాగేసి, మనం కాలు వేసినప్పుడు రెండోవైపు బయటి గాలిని రానిస్తే, ఆ గాలి బరువే పొరను నెడుతుంది. 9 అంగుళాల బూస్టర్‌లో మంచి వాక్యూమ్ ఉంటే లెక్క ప్రకారం 280 కిలోల దాకా తోపు వస్తుంది. అంటే మీ కాలి పక్కన మరో నలుగురు నిలబడి తొక్కినట్టు.

ఆ గాలి లాగే పని పెట్రోలు ఇంజను ఊరకే చేసి పెట్టేది. యాక్సిలరేటర్ వదిలితే దాని గొంతులో త్రాటిల్ పలక మూసుకుంటుంది, పిస్టన్లు మాత్రం పీలుస్తూనే ఉంటాయి. మానిఫోల్డ్‌లో వాక్యూమ్ పుడుతుంది, ఒక రబ్బరు పైపు దాన్ని బూస్టర్‌కి చేరుస్తుంది. మామూలు డీజిలు ఇంజనుకు ఆ పలక ఉండదు. గాలి ఎప్పుడూ బార్లా తెరిచిన తలుపులోంచే వస్తుంది, డీజిలు కొలతతోనే వేగం మారుతుంది. పాత పైపును తెచ్చి డీజిలు మానిఫోల్డ్‌కి తగిలించి "అయిపోయింది" అనేవాళ్లు ఉన్నారు. పైపు ఉంటుంది, అందులో పీల్పు ఉండదు. టర్బో ఉన్న ఇంజనైతే ఇంకా దారుణం, అది గాలిని ఎదురు తోస్తుంది.

అందుకే డీజిలు బండ్లకు వేరే వాక్యూమ్ పంపు ఉంటుంది. చాలావాటిలో అది ఆల్టర్నేటర్ వెనకే బిగించి ఉంటుంది, లోపలి రెక్కలకు ఇంజనాయిలు సన్నటి పైపుతో వస్తుంది. ఆ ఆయిలు తిరిగి సంపులోకి దిగే పైపు కాస్త లావుగా, వాలుగా ఉండాలి. వాలు లేకపోతే ఆయిలు పంపులోనే నిలిచిపోయి, సీలు దాటి ఆల్టర్నేటర్‌లోకి దిగి దాన్నీ చంపుతుంది. బూస్టర్‌కి వెళ్లే పైపు వాక్యూమ్‌కి తట్టుకునే గట్టి రకమే వేయాలి. పీల్పుకు నలిగి మూసుకుపోయే పైపు వేస్తే పంపు ఉన్నా లేనట్టే. కరెంటుతో నడిచే పంపులూ ఉన్నాయి గానీ, ఒక ఫ్యూజు మీద నా ప్రాణం పెట్టాలంటే నాకు మనసొప్పదు.

కొందరు ఇదంతా ఎందుకని బూస్టర్ పీకేసి పెద్ద మాస్టర్ సిలిండర్ వేస్తారు. పేరు పెద్దదే, ఫలితం తలకిందులు. సిలిండర్ లావయ్యే కొద్దీ అదే ఒత్తిడికి కాలు ఇంకా బలంగా వేయాలి. అసలు బూస్టరే లేకుండా వచ్చిన పాత విల్లీస్ తరహా జీపుల సంగతి వేరు. వాటి 9 అంగుళాల డ్రమ్ములు ఆనాటి వేగానికి సరిపోయేవి. బరువైన డీజిలు ఇంజను ఎక్కించి, 40లో పోయే బండిని 60లో తోలితే ఆపాల్సిన శక్తి రెండింతలు దాటుతుంది. అక్కడ పంపుతో పాటు డ్రమ్ముల గురించీ ఆలోచించాలి.

మన ప్రాంతంలో ఇది మరీ ఎందుకు ముఖ్యమంటే, దిగుళ్లు. పలమనేరు నుంచి చిత్తూరు వైపు మొగిలి ఘాటు, మదనపల్లె నుంచి తిరుపతి వైపు భాకరాపేట ఘాటు. టమోటా బుట్టలతో, తోతాపురి కాయలతో వచ్చే బండ్లన్నీ వీటిలో దిగేవే. రెండు టన్నుల బండి 700 మీటర్ల ఎత్తు దిగితే పుట్టే శక్తితో 45 లీటర్ల నీళ్లు మరిగించవచ్చు. అందులో కొంత టైర్లూ ఎదురుగాలీ మింగుతాయి, మిగతాది ఇంజను పట్టకపోతే డ్రమ్ముల్లోకే. తేమ పట్టిన పాత డాట్ 3 బ్రేకాయిలు 140 డిగ్రీల దగ్గరే మరిగిపోతుంది. ఇంజను మార్చినప్పుడు బ్రేకు పైపు సైలెన్సర్ పక్కకు జరిగి ఉంటే ఆ వేడి కూడా తోడు.

"డీజిలు కదా, గేరులో పెడితే అదే పట్టుకుంటుంది" అనే ధీమా కూడా అంత నమ్మదగింది కాదు. త్రాటిల్ లేని ఇంజను నొక్కిన గాలి మళ్లీ పిస్టన్‌ని తోసి, తీసుకున్నదాంట్లో చాలావరకు తిరిగిచ్చేస్తుంది. లారీలకు ఎగ్జాస్ట్ బ్రేకు వేరేగా పెట్టేది అందుకే. అయినా చిన్న గేరు చిన్న గేరే, ఎక్కిన గేరులోనే దిగాలి. ఇక డీజిలు మిగులుతుందని దిగుట్లో ఇంజను ఆపేసేవాళ్లకు చెప్పేదొకటే. బూస్టర్‌లో నిలవున్న వాక్యూమ్ రెండు మూడు తొక్కులకే సరి, ఆ తర్వాత మళ్లీ రాయే.

వెనక ఇరుసు దగ్గర లోడును బట్టి బ్రేకు పంచే వాల్వ్ ఉన్న బండైతే దాన్నీ సరిచూడాలి. ముక్కు బరువై స్ప్రింగులు మార్చారంటే దాని కొలత తప్పి ఉంటుంది. ఇంజను మార్పుకు మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కింద ఆర్టీవో అనుమతి ముందే కావాలి. లేకపోతే ప్రమాదం జరిగిన రోజు ఇన్సూరెన్స్ దగ్గర ఇబ్బంది.

పరీక్షకు పనిముట్లు అక్కర్లేదు. ఇంజను ఆపి, పెడల్ గట్టిపడేదాకా నాలుగైదుసార్లు తొక్కండి. కాలు అలాగే ఆనించి స్టార్టు చేయండి. పెడల్ కాస్త కిందికి జారితే పంపు, బూస్టర్ పని చేస్తున్నట్టు. జారకపోతే ఆ రోజు లోడెక్కించకండి. పాత సామాన్ల బజారులో డీజిలు ఇంజను బేరం చేసేటప్పుడే దాని ఆల్టర్నేటర్, వాక్యూమ్ పంపు, ఆయిలు పైపులు కూడా కలిపి అడగండి. విడిగా వెతికితే సరిపోయేవి దొరకడం కష్టం.