హీటరు చల్లగాలి విసరునపుడు
ధనుర్మాసపు వేకువను చౌడేపల్లె నుండి పుంగనూరు, మదనపల్లెల మీదుగా, సుమారు 4,100 అడుగుల ఎత్తుననున్న హార్స్‌లీ కొండకు పసిబిడ్డలతో కారులో బయలుదేరినవారికి, హీటరు తిప్పినను శీతలవాయువే వీచుచుండెనేని కలుగు క్లేశము సామాన్యము కాదు. పెట్రోలు, డీజిలు కార్లలో ఇంజను వేడిమిని గ్రహించిన కూలెంటు, డ్యాష్‌బోర్డు వెనుకనున్న చిన్న రేడియేటరు గుండా ప్రవహించుటచేతనే గాలి వెచ్చనగును. కావున ముందుగా కూలెంటు మట్టము చూడవలెను. అయితే వేడిమీద మూత తీసినచో మరుగుచున్న ద్రవము ముఖముపైకి చిమ్మును గనుక, ఇంజను పూర్తిగా చల్లారువరకు ఆగుడని మరల మరల వేడుకొనుచున్నాను. మట్టము తగ్గినచో కారుచున్న చోటు వెదకవలెను. ఎంతదూరము పోయినను ఉష్ణమాపకపు ముల్లు పైకి లేవకున్నచో, థర్మోస్టాటు తెఱచుకొనియే నిలిచిపోయినదని ఊహింపవచ్చును. ముల్లు సరిగానున్నను, హీటరు గొట్టములలో ఒకటి వేడిగను రెండవది చల్లగను ఉన్నచో లోపల పూడికయో, గాలిబుడగయో అడ్డుపడియుండును. రెండును వేడిగానున్నచో, వెచ్చని గాలిని మళ్లించు లోపలి తలుపు కదలకున్నదేమో మెకానికుచే చూపించుట మేలు.