పడవలో ఏడుగురు, పుస్తకంలో ఆరు పేర్లు: 'సీ ఆఫ్ కోర్టెజ్' యాత్రాకథనంలో తగవుల నిర్వహణ

కీలక పదాలు: యాత్రాసాహిత్యం, స్టెయిన్‌బెక్, నౌకాధికారం, కథక సర్వనామం, అనువాదం

1. నేపథ్యం

ఇంట్లో అలిగినవారు వీధి అరుగుమీదికి పోయి కూర్చోగలరు. నడిసముద్రంలోని చిన్న పడవకు అటువంటి అరుగు ఉండదు. అద్దెకు తీసుకొన్న పడవలో విహరించేవారికీ, దానిని నడిపే సిబ్బందికీ మధ్య ఘర్షణ తలెత్తితే ఇరుపక్షాలూ ఆ రాత్రి అదే పొయ్యిమీది అన్నం తిని, అదే కప్పు కింద పడుకోవలసిందే. యాత్రాసాహిత్య పరిశోధకులకు ఇందులో మరొక ప్రశ్న ఉంది. పడవలో సర్దుబాటు అయిన, కాని తగవులు గ్రంథస్థమయ్యేటప్పుడు ఏ రూపం పొందుతాయి?

జాన్ స్టెయిన్‌బెక్, సముద్రజీవులను అధ్యయనం చేసే ఆయన మిత్రుడు ఎడ్ రికెట్స్ 1940 మార్చి 11న కాలిఫోర్నియాలోని మాంటెరే రేవు నుంచి 'వెస్టర్న్ ఫ్లయర్' అనే పడవలో బయలుదేరారు. అది 1937లో నిర్మించిన, సుమారు 76 అడుగుల పొడవున్న సార్డీన్ చేపల వేటపడవ. కాలిఫోర్నియా సింధుశాఖ తీరాలలో జీవుల నమూనాలు సేకరించి ఏప్రిల్ 20న తిరిగివచ్చారు. ఆ యాత్రాఫలమైన 'సీ ఆఫ్ కోర్టెజ్' 1941 డిసెంబరులో వెలువడింది. 1948లో రికెట్స్ మరణించగా, 1951లో కథనభాగం విడిగా అచ్చయింది.

2. ఎవరి మాట చెల్లాలి?

ఈ పడవలో అతిథులే అద్దె చెల్లించినవారు. నావికుడు టోనీ బెర్రీ పడవలో వాటాదారు కూడా. సేకర్తలకు కావలసింది పోటు తీసిన వేళ బయటపడే రాతితీరం. పడవకు కావలసింది లోతైన నీరు, లంగరు పట్టే నేల. ఒకరికి అనువైన చోటు మరొకరికి ప్రమాదస్థలం. ఎక్కడికి పోవాలో అద్దెకు తీసుకొన్నవారు నిర్ణయించవచ్చు గాని, అక్కడికి పోవడం క్షేమమా కాదా అన్నది నావికాధిపతి మాట. సముద్ర భద్రతకు సంబంధించిన నేటి సోలాస్ ఒప్పందం ఐదో అధ్యాయం కూడా ఓడ యజమానిగాని, అద్దెదారుగాని ఈ విషయంలో అధిపతి నిర్ణయానికి అడ్డు రాకూడదనే చెబుతుంది. 'వెస్టర్న్ ఫ్లయర్'లో ఆచరణమార్గం సులభమైనదే: పెద్దపడవ దూరాన లంగరు వేసుకొనేది, సేకర్తలు చిన్నపడవలో ఒడ్డుకు చేరేవారు.

ఆ చిన్నపడవ మోటారుకు గ్రంథంలో 'సీ కౌ' అని మారుపేరు. అవసరమైనప్పుడల్లా మొరాయించే ఈ యంత్రాన్ని రచయితలు పగబట్టిన ప్రాణిగా చిత్రించి తిట్టిపోస్తారు. దీనిని హాస్యంగానే చదవడం రివాజు. మనుషులమీద చూపరాని కోపం యంత్రంమీదికి మళ్ళిందని నా ఊహ. ఆరు వారాల యాత్రలో అంత కసి మరెవరిమీదా కనిపించదు.

3. అంట్ల పంచాయతీ

అంట్లు తోమడం వంతులవారీగా జరగాలని ఏర్పాటు. ఇంజను చూసే టెక్స్ ట్రావిస్ తన వంతు తప్పించుకొంటూ వచ్చాడు. మందలింపులు పనిచేయలేదు. చివరికి తక్కినవారు ఎంగిలి పళ్ళేలను తెచ్చి అతని పడకమీద పేర్చారు. దుప్పటికి టమాటా సాస్ అంటింది. టెక్స్ దారికి వచ్చాడు. ఇక్కడ అధిపతి ఆజ్ఞ ఇచ్చినట్లుగాని, అద్దెదారులు జీతం మాట ఎత్తినట్లుగాని లేదు. శిక్ష సమానస్కంధుల నుంచి, నవ్వుల మధ్య వచ్చింది. అయితే ఈ పద్ధతిని ఆదర్శంగా చెప్పడానికి సందేహిస్తాను. నవ్వినవారి కథనమే మనకు మిగిలింది; దుప్పటి ఉతుక్కొన్నవాని కథనం అందులో లేదు.

4. పేరు లేని ఏడవ వ్యక్తి

బెర్రీ, ట్రావిస్, స్పార్కీ ఎనియా, టైనీ కొలెట్టో అనే నలుగురూ పుస్తకంలో పాత్రలై కనిపిస్తారు. అట్టమీద రచయితలిద్దరి పేర్లు ఉన్నాయి. పడవలో ఉన్న మరో వ్యక్తి స్టెయిన్‌బెక్ భార్య కెరోల్. ఆమె పేరు కథనంలో ఎక్కడా రాదు. అప్పటికే ఆ దాంపత్యం బీటలు వారింది, 1943లో విడాకులయ్యాయి. పళ్ళేల తగవు హాస్యప్రసంగం కాగలిగింది, దాంపత్యపు తగవు కాలేకపోయింది. అందుకే మనిషినే తొలగించారనిపిస్తుంది. వంటపని చూసిన ఎనియా జ్ఞాపకాలు 1991లో పుస్తకంగా వచ్చాయి. యాత్రను సిబ్బంది వైపు నుంచి చూడగోరే పరిశోధకుడు రెండు గ్రంథాలనూ పక్కపక్కన పెట్టి చదవాలి.

5. 'మేము', 'మనం'

ఈ తొలగింపుకు ఇంగ్లీషు ఉత్తమపురుష బహువచనం సాయపడింది. కథనమంతా 'నేను' లేకుండా నడుస్తుంది. రికెట్స్ దినచర్య ఆధారంగా స్టెయిన్‌బెక్ రాసిన భాగాలలోనూ కథకుడు బహువచనమే. తెలుగులో ఈ సౌకర్యం లేదు. జీవజాతుల గురించి తాత్త్వికచింతన సాగేచోట పాఠకునీ కలుపుకొనే 'మనం' కావాలి. లంగరు వేసినచోట 'మేము' కావాలి. ఒకే పేరాలో ఒకదాని నుంచి మరొకదానికి జారే వాక్యాలు అనేకం. ఒక పేరాను ఎం.ఏ. విద్యార్థులచేత అనువదింపజేసినప్పుడు తరగతి రెండుగా చీలి వాదించుకొంది.

'మేము' అని తేల్చుకొన్నా చిక్కు పూర్తిగా విడిపోదు. ఆ పదం శ్రోతను మినహాయిస్తుందే తప్ప, లోపల ఎందరున్నారో చెప్పదు. సేకర్తలిద్దరా? నావికులతో కలిపి ఆరుగురా? అంట్ల ప్రసంగంలో టెక్స్‌ను వెలుపల పెట్టిన 'మేము' వేరు, తుపానుగాలిలో అతణ్ణి లోపల కలుపుకొన్న 'మేము' వేరు. 'మేమిద్దరం', 'మేమంతా' అని తెలుగు అనువాదకుడు విడదీసి రాయబోయిన ప్రతిసారీ కెరోల్‌ను లెక్కించాలా వద్దా అన్నది అతడే నిర్ణయించుకోవలసి వస్తుంది.