పరాయి ఇంట పెరిగే పిల్లలు – నల్లజాతి చరిత్ర

అలెక్స్ హేలీ నవల 'రూట్స్' 1976లో వెలువడింది. సహవాసి కలం ద్వారా అది 'ఏడుతరాలు'గా తెలుగు పాఠకులకు ఆత్మీయమైంది. అందులో చరిత్ర ఎంత, కల్పన ఎంత అని పండితులు వాదించుకున్నారు. ఆ వాదం అలా ఉంచితే, హేలీకి ఆ కథ మొదట పుస్తకాల్లో దొరకలేదు. టెన్నెసీ రాష్ట్రంలోని హెన్నింగ్ అనే ఊళ్ళో, అమ్మమ్మ ఇంటి వరండాలో దొరికింది. అసలు ఆ వరండాయే లేని బిడ్డ సంగతేమిటి?

ఈ ప్రశ్న నన్ను తరగతిగదిలో నిలదీసింది. ఆ నవల గురించి చెప్పి, వంశవృక్షం రాసుకురమ్మని పదో తరగతి పిల్లలను అడిగాను. అనాథాశ్రమం నుంచి వచ్చే కుర్రవాడు తెల్లకాగితం ఇచ్చాడు. "మావాళ్ళెవరో నాకు తెలీదు మాస్టారూ" అన్నాడు. తప్పు నాది. ఆ తప్పే నా చేత మాల్కం ఎక్స్ ఆత్మకథను మళ్ళీ చదివించింది. 1965లో వచ్చిన ఆ గ్రంథానికి అక్షరరూపమిచ్చింది కూడా హేలీయే.

1925లో పుట్టిన మాల్కం తల్లిదండ్రులు మార్కస్ గార్వే ఉద్యమంలో పనిచేశారు. ఆఫ్రికా పేరును గర్వంగా పలికే ఇల్లది. 1931లో తండ్రి మరణించాడు. దరిద్రం, సంక్షేమాధికారుల రాకపోకలు ఇంటిని కుంగదీశాయి. చివరకు తల్లిని మానసిక వైద్యశాలకు పంపారు, పిల్లలు చెల్లాచెదురయ్యారు. మాల్కం పరాయి ఇంట, తర్వాత మేసన్ పట్టణంలోని బాలల నిర్బంధ గృహంలో పెరిగాడు. అక్కడి బడిలో చరిత్ర పుస్తకం నల్లజాతికి కేటాయించింది ఒకే ఒక్క పేరా. న్యాయవాదినవుతానన్న ఆ కుర్రవాడికి ఉపాధ్యాయుడు వడ్రంగం నేర్చుకొమ్మని సలహా ఇచ్చాడు. ఈ ఘట్టం దగ్గర ఉపాధ్యాయుడిగా నేను తలదించుకుంటాను.

పోయిన చరిత్ర మాల్కంకు మళ్ళీ దొరికింది జైలు గ్రంథాలయంలో, డుబోయిస్, కార్టర్ వుడ్‌సన్ రచనల్లో. అంత ఆలస్యం ఎందుకు జరగాలి?

ఆ వుడ్‌సనే 1926లో 'నీగ్రో చరిత్ర వారం' ప్రారంభించాడు. 1976లో అది ఫిబ్రవరి నెలంతా విస్తరించింది. ఫిబ్రవరినే ఎంచుకోవడానికి కారణం ఆ నెలలో వచ్చే లింకన్, ఫ్రెడరిక్ డగ్లస్‌ల జన్మదినాలు. అయితే డగ్లస్‌కు తన పుట్టినరోజు తెలియదు! బానిసగా పుట్టి, పసితనంలోనే తల్లికి దూరమైన ఆయన ఫిబ్రవరి 14ను తానే ఎంచుకున్నాడు. తన పుట్టుపూర్వోత్తరాలు తెలియని బిడ్డకు ఈ ఒక్క సంగతి చాలదూ, "నువ్వు ఒంటరివి కావు" అని చెప్పడానికి?

అమెరికాలో 'ఫాస్టర్ కేర్' అంటే దత్తత కాదు. బిడ్డను కన్నవారి నుంచి తప్పించి, ప్రభుత్వ బాధ్యతపై మరో ఇంట తాత్కాలికంగా ఉంచడం. అలాంటి పిల్లల్లో నల్లజాతివారి పాలు, జనాభాలో వారి పాలు కంటే ఎక్కువ. వారిని తెల్ల కుటుంబాలకు అప్పగించడాన్ని 1972లో నల్లజాతి సామాజిక కార్యకర్తల జాతీయ సంఘం తీవ్రంగా వ్యతిరేకించింది. జాతి కారణంగా బిడ్డకు ఇల్లు దొరకడం ఆలస్యం కారాదని 1994, 1996 నాటి చట్టాలు నిర్దేశించాయి. రెండింటిలోనూ సత్యముంది. బిడ్డకు ఇల్లూ కావాలి, ఆ ఇంట్లో తన జాతి గౌరవమూ కావాలి.

ఆ గౌరవం ఏడాదికొకసారి చేసే ఉత్సవంతో రాదు. చిక్కు తీసి ఆ జుట్టును జడలల్లడం తెలిసిన చేయి కావాలి. తోబుట్టువులతో రాకపోకలు, తనలాంటి పెద్దల సాంగత్యం కావాలి. పాత ఫొటోలు, పేర్లు, ఊళ్ళు కూర్చి బిడ్డతో కలిసి తయారుచేసే 'జీవితకథా పుస్తకం' కావాలి. అన్నిటికీ మించి, పేదరికాన్ని తల్లిదండ్రుల నేరంగా లెక్కగట్టే దృష్టి మారాలి. కుటుంబాన్ని చెదరగొట్టిన చేత్తోనే చరిత్ర పుస్తకాన్ని బహూకరించడం వంచన.

మర్నాడు ఆ కుర్రవాడికి డగ్లస్ కథ చెప్పాను. వంశవృక్షం వద్దు, నిన్ను పెంచినవాళ్ళ గురించి రాయమన్నాను. ఆశ్రమంలో వంటచేసే ఆమె గురించి పేజీన్నర రాశాడు. చివర "ఆవిడ ఊరు పేరు ఇంకా అడగలేదు, అడిగి రాస్తాను" అని ఉంది.

మన కథల్లో అనాథ బిడ్డ సాధారణంగా జాలికి సాధనం. వాడు అడగబోయే ప్రశ్నకు చోటిచ్చే కథ ఇకనైనా మన రచయితలు రాయాలి.