నలుగురినీ కలుపుకొని నడిచేవాడే నాయకుడు

సముద్రమట్టానికి సుమారు 3,000 అడుగుల ఎత్తున నిలిచిన ఉదయగిరి దుర్గాన్ని చూచినపుడు మనకు శ్రీకృష్ణదేవరాయల శౌర్యం స్ఫురిస్తుంది. అయితే ఆ కోట ఒక్కని ఖడ్గానికి లొంగినది కాదు. గజపతుల అధీనంలో ఉన్న ఈ దుర్గంపై 1513లో మొదలైన ముట్టడి 1514లో గాని ముగియలేదు. కోటకున్న ముఖ్యమైన దారి మనిషి వెంట మనిషి మాత్రమే నడవగలిగేంత ఇరుకైనదనీ, రాయలు కొండరాళ్లను పగులగొట్టించి వెడల్పైన బాటలు వేయించాడనీ, ఇందుకు ఏడాదిన్నర పట్టిందనీ పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ వ్రాశాడు.

పాఠక మహాశయులారా! ఒక్కసారి ఆలోచించండి. ఏడాదిన్నర కాలం రాళ్లు పగులగొట్టేవారికి, బాట వేసేవారికి, తిండిగింజలు మోసేవారికి ఉత్సాహం తగ్గకుండా ఉండటం సామాన్యమా? జీతం మనిషిని పనిలోకి తెస్తుంది. పనిలో మనస్సును నిలిపేది నాయకుని నడవడి. మహామంత్రి తిమ్మరుసును రాయలు ‘అప్పాజీ’ అని తండ్రివలె పిలిచేవాడు. విజయం లభించిన పిమ్మట తిరుమల చేరి స్వామికి 30,000 బంగారు నాణేలతో కనకాభిషేకం జరిపించాడు. ఉదయగిరి బాలకృష్ణుని విజయనగరానికి తీసికొని వెళ్లి ఆలయం కట్టించాడు. గెలుపును భగవంతుని పాదాల వద్ద ఉంచే నాయకుని చూచి, ‘ఇది నా ఘనత’ అని వాదులాడుకొనడానికి అనుచరులు సంకోచిస్తారు.

నిజం చెప్పగల ధైర్యం

మంచి జట్టు ఎలా ఉంటుందో వాల్మీకి మహర్షి కిష్కింధాకాండలో చూపించాడు. సీతమ్మను వెదకడానికి సుగ్రీవుడు నలుదిక్కులకూ వానరులను పంపి నెల గడువు విధించాడు. దక్షిణదిక్కుకు వెళ్లినవారికి గడువు దాటిపోయింది. వట్టి చేతులతో తిరిగి వెళితే రాజదండన తప్పదని భయపడి, యువరాజు అంగదుడే ప్రాయోపవేశానికి సిద్ధపడ్డాడు. భయం ఎంతటి సమర్థునైనా ఎలా క్రుంగదీస్తుందో గమనించారా?

సంపాతి వలన సీతమ్మ జాడ తెలిసిన తరువాత సముద్రతీరంలో మరొక ఘట్టం నడిచింది. ఎవరెంత దూరం లంఘించగలరని అంగదుడు అడిగాడు. గజుడు పది యోజనాలన్నాడు. జాంబవంతుడు వార్ధక్యం వలన తొంభై మాత్రమే అన్నాడు. అంగదుడు నూరు యోజనాలు దాటగలను గాని, తిరిగి రాగలనో లేదో చెప్పలేనన్నాడు. ఒక్కడూ గొప్పలకు పోలేదు. తక్కువ చెప్పినవానిని చూచి ఎవ్వరూ నవ్వలేదు. ఎవరి పరిమితిని వారు నిర్భయంగా చెప్పుకొన్నందువల్లనే, మౌనంగా కూర్చున్న హనుమంతుని వైపు అందరి దృష్టీ మళ్లింది. జాంబవంతుడు అతని బలాన్ని అతనికి గుర్తుచేశాడు. తాను చేయలేని పనిని చేయగలవానిని గుర్తించి ముందుకు పంపడమే పెద్దరికం.

కార్యం సాధించి వచ్చిన వానరులు మధువనాన్ని ధ్వంసం చేశారని దధిముఖుడు ఫిర్యాదు చేశాడు. సుగ్రీవుడు కోపించలేదు. కార్యసిద్ధి కానిదే వీరింత చనువు తీసికొనరని గ్రహించి సంతోషించాడు. శ్రీరాముడు హనుమంతుని ఆలింగనం చేసికొని, ఈ సమయంలో ఇదే తన సర్వస్వమన్నాడు. పని చేసినవానికి ఆదరం అందవలసిన సమయం అదే.

చెవికి కాపలా

జట్టును కట్టడం కష్టం. చెదరగొట్టడానికి ఒక్క చాడీ చాలు. రాయలు తన ‘ఆముక్తమాల్యద’లో యామునాచార్యుడు కుమారునికి ఉపదేశించినట్లుగా రాజనీతిని చెప్పాడు. ఒకరిపై మరొకరు చెప్పే మాటను విచారించక నమ్మరాదన్నది అందులోని హితవు. కాని అదే రాయల జీవితంలో విషాదం జరిగిందని నూనిజ్ కథనం. 1524 ప్రాంతంలో బాలుడైన యువరాజు మరణించగా, ఆ నింద తిమ్మరుసుపై పడిందనీ, రాయలు ఆయనను చెరలో ఉంచి కళ్లు తీయించాడనీ అతడు వ్రాశాడు. ఇందులో నిజమెంత అన్న విషయమై చరిత్రకారులలో భిన్నాభిప్రాయాలున్నాయి. రాయలు 1529లో అస్తమించాడు. ఉదయగిరిని గెలిపించిన నమ్మకం ఆ కథనం ప్రకారం పదేళ్లు తిరిగేసరికి ఎలా కూలిందో తలచుకొంటే ఒళ్లు జలదరిస్తుంది.

మన ముంగిట

ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతాలలో వానకై, చెరువు నీటికై ఎదురుచూచే గ్రామాలెన్నో ఉన్నాయి. చెరువు కట్ట పదిమంది చేయి వేస్తేనే నిలుస్తుంది. ఆలయోత్సవం కూడా అంతే. ఉత్సవ కమిటీలు డబ్బు చాలక చీలిపోవడం అరుదు. ‘నన్ను పిలువలేదు’, ‘నా పేరు చెప్పలేదు’, ‘లెక్క చూపలేదు’ అన్న మాటలే వాటిని చీలుస్తాయి. చీలిన ఊళ్లో మిగిలేది ఆగిపోయిన రథం, మాట్లాడుకొనని రెండు వీధులు.

కనుక పెద్దరికం వహించేవారు కొన్ని నియమాలు పాటించాలి. జమాఖర్చులు స్వామి సన్నిధిలో అందరికీ చదివి వినిపించాలి. పందిరి వేసినవారిని, వంట చేసినవారిని, మండపం ఊడ్చినవారిని సభలో పేరు పెట్టి పిలిచి ప్రసాదమివ్వాలి. ఫిర్యాదు వస్తే ఇరుపక్షాలనూ ఎదురెదురుగా కూర్చోబెట్టి వినాలి. పొరపాటును ఏకాంతంలో చెప్పి, మంచిని పదిమందిలో చెప్పాలి. కార్యాలయంలోనైనా, ఉమ్మడి కుటుంబంలోనైనా ఇదే ధర్మం.

ఋగ్వేదం ముగిసేది సంజ్ఞాన సూక్తంతో. కలిసి నడవడం, కలిసి మాట్లాడుకోవడం, మనస్సులు ఏకం కావడం అనేవి అందులో ఒకదాని వెంట ఒకటిగా వస్తాయి. ఈ క్రమంలో ఒక రహస్యముంది. మనస్సులు కలిసిన తరువాత నడుద్దామని కూర్చుంటే ఆ రోజు ఎన్నటికీ రాదు. ముందు నాలుగడుగులు కలిసి నడవండి. దారిలో మాటలు కలుస్తాయి. మాటల వెంట మనస్సులూ కలుస్తాయి. ఈ సంవత్సరం మీ ఊరి ఉత్సవానికి, అలిగి దూరమైన ఆ ఒక్కరి ఇంటికి మీరే స్వయంగా వెళ్లి బొట్టు పెట్టి పిలవండి. స్వామి రథాన్ని లాగడానికి ఆ రెండు చేతులు కూడా కావాలి.