తెరకు తగిన ఉత్తరము

హైదరాబాదు తూర్పున ఉన్న ఏఎస్ రావు నగర్‌కు శాస్త్రజ్ఞులు అయ్యగారి సాంబశివరావు గారి పేరు పెట్టిరి. 1967లో వెలసిన ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియాకు వారు తొలి సారథులు. టీడీసీ వరుస కంప్యూటర్లు ఆ సంస్థలో తయారైనవి. నేడు ఆ పేటలో ఇంటింటను చేతిలో ఇముడు కంప్యూటర్ ఉన్నది. దానిని మనము ఫోను అనుచున్నాము. బ్యాంకు లెక్కలు, కరెంటు బిల్లులు, పింఛను కబుర్లు ఆ చిన్న తెర మీదికే వచ్చుచున్నవి.

కాగితపు ఉత్తరము వ్రాసినది వ్రాసినట్లే చేరును. ఈ-మెయిల్ అట్లు కాదు. మనము పంపునది హెచ్‌టీఎంఎల్ భాషలోని సూచనలు మాత్రమే. వానిని చదివి తెరపై గీయునది అందుకొన్నవారి మెయిల్ ప్రోగ్రాము. నక్షా ఒక్కటే అయినను మేస్త్రీలు పలువురు. 2007 నుండి విండోస్‌లోని పాత తరహా ఔట్‌లుక్, వెబ్ బ్రౌజరు వలె గాక, వర్డ్ పద్ధతిని ఉత్తరమును గీయుచున్నది. అందువలన వెబ్ పేజీలు ఏనాడో విడిచిన పట్టికల కూర్పు ఈ-మెయిల్‌లో ఇంకను నిలిచియున్నది.

వెడల్పు మాట చూతము. ఉత్తరమును 600 పిక్సెళ్లకు బిగించి కట్టినచో కంప్యూటర్‌పై చక్కగా ఉండును. 360 పిక్సెళ్ల ఫోనులో కుడి అంచు తెగును, లేదా అక్షరములు చీమలంత అగును. కావున వెడల్పు నూటికి నూరు పాళ్లనియు, 600కు మించరాదనియు చెప్పవలయును. ఈ గరిష్ఠ పరిమితిని పాత ఔట్‌లుక్ లెక్కచేయదు. దానికి మాత్రమే కనబడునట్లు 600 వెడల్పు గల పట్టికను వేరుగా చేర్చవలయును. తెర కొలతను బట్టి రూపు మార్చు మీడియా క్వెరీలను జీమెయిల్ 2016 నుండి గ్రహించుచున్నది; అయినను అన్నిచోట్లను గ్రహించునని నమ్మరాదు. ముఖ్యమైన శైలిని ప్రతి అంశముపైనే వ్రాయుట క్షేమము.

తెలుగు ఉత్తరమునకు మరి రెండు జాగ్రత్తలు కలవు. యూటీఎఫ్-8 అని స్పష్టముగా ప్రకటింపవలయును. లేనిచో అక్షరములు పిచ్చిగుర్తులు కావచ్చును. మన లిపికి పైన గుడులు, క్రింద వత్తులు ఉన్నవి. ఆంగ్లమునకు చాలు పంక్తి ఎడము మనకు చాలదు. ఈ చిక్కులకు జడిసి కొందరు తెలుగును బొమ్మగా చేసి పంపుచున్నారు. అపరిచితుల బొమ్మలను కొన్ని ప్రోగ్రాములు ఆపివేయును. అప్పుడు మిగులునది ఖాళీ పెట్టె.

కేంద్ర ప్రభుత్వ పింఛనుదారులు సాధారణముగా ఏటా నవంబరులో జీవన ప్రమాణ పత్రము ఇయ్యవలయును. ఆ గడువు బొమ్మలో దాగినను, తెర అంచున తెగినను, నష్టపోవునది ఉత్తరము పంపినవారు కాదు, ఒక వృద్ధుని ఇల్లు. గడువును అక్షరములలో, మొదటి పంక్తులలోనే వ్రాయుడు. 1992లో వెలువడిన మైమ్ ప్రమాణము ప్రకారము సాదా పాఠమును కూడ జతచేయుడు. పంపుటకు ముందు చిన్న ఫోనులో ఒకసారి, పాత ఔట్‌లుక్‌లో ఒకసారి, బొమ్మలు ఆపి ఒకసారి తెరచి చూడుడు.