పైలట్ శిక్షణలో ఎక్కువగా కనిపించే సెస్నా 172 కథ

పైలట్ కావాలనుకునే పిల్లలు మొదటే బోయింగ్ ఎక్కరు. ముందు చిన్న విమానం. అందులో ఎక్కువగా వినిపించే పేరు సెస్నా 172. ఒకటే ఇంజన్, ముందు ప్రొపెల్లర్, తల మీద రెక్క, నాలుగు సీట్లు. 2022లో పైలట్ శిక్షణ స్కూళ్ల కోసం ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ ఎంపిక చేసిన విమానాశ్రయాల్లో కడప కూడా ఉంది. కాబట్టి ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ఇళ్లల్లో దీని సంగతి తెలుసుకోవడం మంచిదే.

అమెరికాలోని సెస్నా కంపెనీ అంతకుముందు 170 అనే మోడల్ చేసేది. దానికి చిన్న చక్రం తోక కింద ఉండేది. నేల మీద ముక్కు పైకెత్తి ఉండడంతో పైలట్‌కు ముందు దారి సరిగా కనబడేది కాదు. ఆ చక్రాన్ని ముక్కు కిందికి తెచ్చారు, దిగడం తేలికైంది. అలా వచ్చిన 172 తొలిసారి 1955లో ఎగిరింది, 1956లో మార్కెట్లోకి వచ్చింది. ఇప్పటికి 44 వేలకు పైగా తయారయ్యాయి. ఇంకే విమానమూ ఇన్ని తయారు కాలేదు.

అయినా 1986లో తయారీ ఆగిపోయింది. లోపం విమానంలో లేదు, ఖర్చుల లెక్కలో ఉంది. ఎప్పుడో అమ్మిన విమానం కూలినా కంపెనీ మీద కేసులు పడేవి, ఇన్సూరెన్స్ భారం పెరిగింది. 18 ఏళ్లు దాటిన చిన్న విమానాల విషయంలో అలాంటి కేసులకు హద్దు పెడుతూ అమెరికా 1994లో చట్టం చేసింది. 1996లో 172 మళ్లీ వచ్చింది.

నాలుగు సీట్లున్నా ట్యాంకు నిండా ఇంధనం పోస్తే నలుగురు బరువైన పెద్దవాళ్లకు చోటుండదు. బరువు లెక్క కట్టడం ట్రైనింగ్‌లో తొలి పాఠాల్లో ఒకటి.

హైదరాబాద్ బేకరీ కార్మికుడి కూతురు సయ్యదా సల్వా ఫాతిమా ఆంధ్రప్రదేశ్ ఏవియేషన్ అకాడమీలో నేర్చుకున్నది దీని తమ్ముడి లాంటి రెండు సీట్ల సెస్నా 152 మీద. భయపడాల్సిన సంగతీ దాచకూడదు: 2019 అక్టోబర్‌లో వికారాబాద్ జిల్లాలో 172 కూలి ఇద్దరు ట్రైనీలు చనిపోయారు.

కమర్షియల్ లైసెన్సుకు 200 గంటలు ఎగరాలి. ఖర్చు లక్షల్లో. అందుకే ఫీజు కట్టేముందు స్కూల్లో ఎన్ని విమానాలు నిజంగా ఎగురుతున్నాయో, నెలకు ఒక్కో విద్యార్థికి ఎన్ని గంటలు దక్కుతున్నాయో అడగండి. మెడికల్ పరీక్ష అంతకన్నా ముందే చేయించండి.